మైఖేలాంజెలో ఎక్కని మెట్లు

మీ విచారణలో రోము యాత్రకు వెళ్లివచ్చినవారు ఎవరైనా ఉంటే అడిగి చూడండి. పునీత పేతురుగారి మహాదేవాలయం గుమ్మటం ఎక్కేటప్పుడు ఒకచోట గోడ పక్కకు వాలుతుందనీ, మనిషి కూడా ఒరిగి నడవాలనీ చెబుతారు. అది నిజానికి ఒక్క గుమ్మటం కాదు. ఒకదానిపై ఒకటి బోర్లించినట్టున్న రెండు. ఆ రెంటి నడుమ నుంచే మెట్లు వెళతాయి. ఈ ఏర్పాటును తలపెట్టిన మైఖేలాంజెలో మాత్రం ఆ మెట్లు ఎక్కలేదు. ఆయన బతికుండగా గుమ్మటమే లేదు.

ఆయన 1475 మార్చి 6న ఇటలీలోని కాప్రెసెలో పుట్టి, ఫ్లోరెన్సు నగరంలో పెరిగారు. క్రీస్తు దేహాన్ని ఒడిలో ఉంచుకున్న మరియమాత శిల్పం, సిస్టైను ప్రార్థనాలయం పైకప్పు మీది చిత్రాలు మీరు క్యాలెండర్లలో చూసినవే. వాటిని అలా ఉంచి, ఆయన ముసలితనానికి వద్దాం.

1506లో రెండవ జూలియస్ పోపుగారు ఈ దేవాలయానికి పునాదిరాయి వేశారు. 40 ఏళ్లు గడిచాయి. పని పెద్దలు మారారు, నమూనాలు మారాయి, గుడి మాత్రం పూర్తికాలేదు. 1546లో అప్పటి పెద్ద సంగాల్లో మరణించడంతో మూడవ పౌలు పోపుగారు మైఖేలాంజెలోను పిలిపించారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. కట్టడం తన విద్య కాదని వెనుకాడారు. చివరకు ఒప్పుకున్నారు గాని జీతం వద్దన్నారు. దేవుని ప్రేమకోసమే చేస్తానన్నారు. పోపుగారు పంపిన సొమ్మును తిప్పి పంపారు కూడా. ఆయన పేదవాడేమీ కాదు, ఆ మాట చెప్పుకోవాలి. చాలా ఆస్తి ఉంది, కోపమూ ఎక్కువే. అయినా 17 ఏళ్లు ఊరికే పనిచేయడం చిన్న విషయమా?

వచ్చీ రాగానే సంగాల్లో కట్టించిన కొన్ని గోడలను పడగొట్టించారు. అవి ఉంటే గుడి చీకటి కొట్టవుతుందని ఆయన వాదన. పాత పెద్ద మనుషులు ఊరుకుంటారా? ముసలివాడు పని పాడుచేస్తున్నాడని ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేశారు.

గుమ్మటం బరువు కిందికి మాత్రమే దిగదు, పక్కలకూ తోస్తుంది. అందుకే ఆయన ముందుగా నాలుగు మహాస్తంభాలను బలపరిచారు. వాటిపైన గుండ్రని గోడ లేపి, చుట్టూ జంట స్తంభాలతో ఆనింపు పెట్టించారు. తాను పెరిగిన ఊళ్లోని పెద్ద గుడి గుమ్మటం ఎత్తెంతో కొలిపించి పంపమని 1547లో తమ్ముడి కొడుక్కు జాబు రాశారు. 1436లో పూర్తయిన ఆ గుమ్మటమూ రెండు పొరలదే.

ఫ్లోరెన్సు ప్రభువు రమ్మని ఎన్నిసార్లో కబురు పెట్టారు. ఆయనకూ సొంత ఊళ్లో కన్నుమూయాలనే ఉంది. కాని తాను కదిలితే పని చెడగొట్టేవారికి సందు దొరుకుతుందని, అది పాపమవుతుందని భయపడ్డారు. వెళ్లలేదు.

1557లో మరో దెబ్బ తగిలింది. వయసు మీదపడి రోజూ పని దగ్గరకు వెళ్లలేకపోతున్నారు. దక్షిణం వైపు కప్పును మేస్త్రి పొరపాటున తప్పు కొలతతో కట్టాడు. చాలాభాగం విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. తాను దగ్గర లేకపోవడమే కారణమని ఆ వృద్ధుడు సిగ్గుతో, దుఃఖంతో కుంగిపోయారు. ఆ తర్వాత స్నేహితులు పట్టుబట్టి గుమ్మటానికి పెద్ద కొయ్య నమూనా చేయించారు. ఆయన పోయినా ఆయన ఆలోచన పోకూడదని వారి ఆరాటం. 1561కి అది పూర్తయింది.

1564 ఫిబ్రవరి 18న, 88 ఏళ్ల వయసులో ఆయన ప్రభువులో నిద్రించారు. అప్పటికి గుండ్రని గోడ దాదాపు పూర్తయింది, దానిపైన ఆకాశమే. దేహాన్ని సరుకు మూటలా కట్టి, ఎవరికీ తెలియకుండా ఫ్లోరెన్సుకు తరలించి, అక్కడి పరిశుద్ధ సిలువ దేవాలయంలో సమాధి చేశారు. అలా సొంత ఊరు చేరారు.

గుమ్మటం కోసం మరో 24 ఏళ్లు ఆగవలసి వచ్చింది. అయిదవ సిక్స్టస్ పోపుగారి హయాంలో జాకోమో దెల్లా పోర్తా, దొమెనికో ఫోంటానా 1588లో మొదలుపెట్టి 1590లో కప్పు ముగించారు. పైపొరను మాత్రం నమూనా కన్నా కాస్త నిటారుగా లేపారు. నేల నుంచి సిలువ కొన దాకా ఎత్తు సుమారు 136 మీటర్లు. ఆ కొయ్య నమూనా ఇప్పటికీ వాటికనులో ఉంది.