ఫ్రాయిడ్ డాక్టరు గదిలో

పోయిన నవంబరులో నాకు నిద్ర పట్టడం మానేసింది. హాస్టల్లో అందరూ పడుకున్నాక మిద్దె మీద తిరిగేవాణ్ణి. అన్నం సయించేది కాదు, చదివింది తలకెక్కేది కాదు. ఊళ్ళో రెండో బోరు కూడా ఎండిపోయి శెనక్కాయ పంట చేతికి రాలేదు. మా నాయన మాత్రం ఎక్కడో అప్పు తెచ్చి ఫీజు డబ్బు పంపుతూనే ఉన్నాడు. ఈ సంగతి ఎవరితోనూ అనలేకపోయాను. చివరకు మా లెక్చరర్ ఒకరు గమనించి, మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళమన్నారు. నాకు భయం వేసింది. పిచ్చివాడని రాసేస్తారేమో, కరెంటు పెడతారేమో, తెలిస్తే చెల్లెలికి సంబంధం కుదరదేమో అని. అసలు ఆ గదిలో ఏం జరుగుతుందో ముందే తెలుసుకుందామని లైబ్రరీలో వెతికితే సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితం దొరికింది. సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగాడు కనుక ఆయన కథే రాస్తున్నాను.

ఫ్రాయిడ్ 1856 మే 6న మొరేవియాలోని ఫ్రైబర్గ్ అనే చిన్న ఊళ్ళో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. తండ్రి ఉన్ని వ్యాపారి, అంత కలిగినవాడేం కాదు. పిల్లవాడి నాలుగో ఏట వియన్నా చేరారు. 1873లో విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేరాడు. జువాలజీ వాడిగా నాకు బాగా నచ్చిన ఘట్టం ఇక్కడే ఉంది. 1876లో ట్రియెస్ట్ రేవుకు వెళ్ళి, పాముల్లా ఉండే ఈల్ చేపలను నాలుగు వందల దాకా కోసి, మగ చేప వృషణాల కోసం వెతికాడు. ఇంత చేసీ తేల్చి చెప్పలేకపోయాడు. రికార్డులో ఒక బొమ్మ వెయ్యడానికే విసుక్కునే మాకు ఇది వింతగానే ఉంటుంది.

1881లో డాక్టరయ్యాడు. లేబొరేటరీ జీతంతో పెళ్ళి చేసుకునే వీలు లేక వైద్యవృత్తిలో దిగాడు. 1885లో పారిస్ వెళ్ళి షార్కో దగ్గర హిస్టీరియా రోగులను చూశాడు. నరాల్లో ఏ దెబ్బా లేకుండానే చేతులు, కాళ్ళు పడిపోయినవాళ్ళు వాళ్ళు. 1886లో వియన్నాలో ప్రాక్టీసు పెట్టాడు, ఆ ఏడే మార్తాను పెళ్ళాడాడు. మొదట్లో అందరిలాగే రోగులకు సన్నని కరెంటు పెట్టాడు, హిప్నాటిజం చేశాడు. కరెంటు దండగని తేలి వదిలేశాడు. ఇది చదివాక నా భయం సగం తగ్గింది.

దారి చూపింది ఆయన స్నేహితుడు బ్రాయర్ దగ్గరకు 1880లో వచ్చిన ఒక అమ్మాయి. తండ్రికి సేవ చేస్తూ చేస్తూ ఆమె జబ్బు పడింది. మనసులో ఉన్నది చెప్పుకుంటే తేలికపడేది. ఈ పద్ధతికి మాటల వైద్యమని పేరు పెట్టింది ఆమే. 1895లో మిత్రులిద్దరూ కలిసి వేసిన పుస్తకంలో ఆమెకు నయమైనట్టే రాశారు గానీ, తరువాత చాలాకాలం శానటోరియంలో ఉండవలసి వచ్చిందని పరిశోధకులు బయటపెట్టారు. అంత గొప్పగా చెప్పుకోవలసింది కాదన్నమాట.

ఇక అసలు విషయం. 1891 నుంచి ఫ్రాయిడ్ బెర్గ్‌గాస్సే వీధిలో 19వ నంబరు ఇంట్లో ఉన్నాడు. అక్కడికి వచ్చినవాళ్ళకు చికిత్స ఎలా మొదలుపెట్టాలో 1913లో ఒక వ్యాసం రాశాడు. మొదటి ఒకటి రెండు వారాలూ పరీక్షా కాలం. ఈ వైద్యం ఈ మనిషికి సరిపోతుందా అని చూడడానికి. తరువాత వారానికి ఆరు రోజులు, రోజుకు ఒక గంట. ఆ గంట ఆ రోగిదే. రాకపోయినా ఫీజు ఇవ్వాల్సిందే. పొలం కౌలుకు తీసుకున్నవాడు వేసినా వెయ్యకపోయినా కౌలు కట్టాలి కదా, అలాగ. ఫీజు సంగతి మొహమాటం లేకుండా మొదటే మాట్లాడేసేవాడు. అయితే పదేళ్ళపాటు రోజుకు ఒకటి రెండు గంటలు ఉచితంగా కూడా చూశాడట. రోగి తివాచీ పరచిన సోఫా మీద పడుకుంటే, ఆయన తల వెనక కూర్చునేవాడు. రోజంతా జనం తనను తేరిపార చూస్తుంటే ఆయనకు పడేది కాదు! రోగికి ఉన్న నియమం ఒక్కటే. మనసులోకి వచ్చిందల్లా చెప్పాలి. సిగ్గని, పనికిరానిదని, అసహ్యమని దాచకూడదు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే ముందే చెప్పలేనని ఒప్పుకునేవాడు.

ఆయన తప్పులూ ఉన్నాయి. 1900లో డోరా అని పేరు మార్చి రాసిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని తండ్రి తీసుకువచ్చాడు. తండ్రి స్నేహితుడు తనను వేధించాడని ఆమె చెబితే, ఫ్రాయిడ్ నమ్మాడు గానీ, నీ మనసులోనే అతనిమీద ప్రేమ ఉందని వాదించాడు. మూడు నెలలైనా కాకుండానే ఆమె మానేసి వెళ్ళిపోయింది. నా మటుకు ఆమె చేసిందే సరైన పని. డాక్టరు మాట మనసుకు ఎక్కకపోతే ఆ సంగతి డాక్టరుకే చెప్పవచ్చు, మారనూ వచ్చు.

కలల మీద రాసిన పెద్ద పుస్తకం 1899 చివర వెలువడితే, ఆరు వందల ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. తరువాత పేరు ప్రపంచమంతా పాకింది. 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర బోస్ మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. ఆ సంఘం పంపిన దంతపు విష్ణు విగ్రహం ఫ్రాయిడ్ బల్ల మీద ఉండేది. 1923లో దవడకు కాన్సరు వచ్చింది. ముప్పైకి పైగా ఆపరేషన్లు చేయించుకున్నా చుట్ట మానలేదు. మనసు లోతులు చూసినవాడికి కూడా ఇది చేతకాలేదు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకోగా లండన్ చేరాడు. అక్కడే 1939 సెప్టెంబరు 23న కన్నుమూశాడు. వియన్నాలో మిగిలిన నలుగురు చెల్లెళ్ళూ నాజీల చేతుల్లో ప్రాణాలు కోల్పోయారు.

ఆయన సిద్ధాంతాలు చాలావాటిని ఈనాటి సైన్సు ఒప్పుకోవడం లేదు. నేను వెళ్ళిన ఆసుపత్రిలో సోఫా లేదు, ప్లాస్టిక్ కుర్చీలు. డాక్టరమ్మ ఎదురుగానే కూర్చుంది. ఓ.పి. చీటీ, ముప్పావు గంట, వారానికి ఒకసారి. నిద్ర, తిండి, ఇల్లు, చదువు అన్నీ అడిగింది. ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప ఇక్కడి మాట బయటకు పోదని చెప్పింది. చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడిగింది. లేదన్నాను. అది అబద్ధం. మూడో వారం ఆ మిద్దె సంగతి చెప్పేశాను. ఆమె కంగారు పడలేదు, పిచ్చివాడని రాయలేదు. రాత్రిపూట తోడు లేనప్పుడు ఫోన్ చెయ్యమని 14416 నంబరు కాగితం మీద రాసి ఇచ్చింది. ఉచితమే, తెలుగులోనే మాట్లాడతారు. మొదటి రెండు వారాలూ బస్సు చార్జీలు దండగనిపించిన మాట నిజం.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అప్పు ఎంతో చెప్పమని మా నాయనను అడిగాను. కళ్ళంలో కూర్చుని లెక్కంతా చెప్పాడు. గురువారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి.