సర్పగంధ వేరు – సర్ రామ్‌నాథ్ చోప్రా

మందుల శాస్త్రం చదివేవాళ్ళను తీసేస్తే మన కాలేజీలో సర్ రామ్‌నాథ్ చోప్రా పేరు విన్నవారు తక్కువే అనుకుంటాను. ఆయన 1882 ఆగస్టు 17న నేటి పాకిస్తాన్‌లోని గుజ్రాన్‌వాలాలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, 1908లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1921లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఫార్మకాలజీ ప్రొఫెసర్ అయ్యారు. సీమ మందులతోనే కాలం గడిపేయొచ్చు. ఆయన మాత్రం మన వైద్యులు వాడే వేర్లు, ఆకులు తెప్పించి లాబొరేటరీలో పరీక్షకు పెట్టారు. గుడ్డిగా పొగడలేదు, గుడ్డిగా తోసెయ్యలేదు. నాకు నచ్చింది ఈ గుణమే.

అట్లా పరీక్షకొచ్చినవాటిలో సర్పగంధ ఒకటి. ఉన్మాదానికీ రక్తపోటుకూ ఈ వేరు పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1933లో చోప్రా, ఆయన సహచరులు అందులోని ఆల్కలాయిడ్లు రక్తపోటు తగ్గించి మత్తు కలిగిస్తాయని చూపారు. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీవారు దాన్నుంచి రిసర్పిన్‌ను విడదీశారు. తర్వాత కొన్నేళ్ళు స్కిజోఫ్రీనియాకు అది పేరున్న మందు.

అయితే ఒక చిక్కుంది. రిసర్పిన్ మెదడులో డోపమిన్ నిల్వలు ఖాళీ చేస్తుంది. పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్‌ను ఇష్టమొచ్చినట్టు వదలకుండా పట్టి ఉంచే పగ్గం ఆ డోపమినే. పగ్గం వదిలితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. బాలింతకైనా మా ఇంటి బర్రెకైనా పాలు తయారు కావడానికి కావలసిన హార్మోను ఇది. కాన్పు లేకుండా పెరిగితే నెలసరి ఆగిపోవచ్చు, పాలు రావచ్చు, మగవాళ్ళకూ ఇబ్బందులే. క్లోర్‌ప్రోమజీన్, హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ డోపమిన్ గ్రాహకాలను అడ్డగించి ఇదే పని చేస్తాయి. అరిపిప్రజోల్‌తో ఈ బెడద చాలా తక్కువ. మనిషిలో ప్రొలాక్టిన్ వేరే హార్మోనని 1970 ప్రాంతంలో గాని తేలలేదు కనుక, చోప్రా కాలంలో దాన్ని కొలిచే వీలే లేదు.

ఇప్పుడు వీలుంది. అయినా నారాయణఖేడ్ వైపు మాకు తెలిసిన ఒక పెళ్ళికాని అక్కకు మందులతో నెలసరి ఆగి పాలొస్తే, ఊరి నోళ్ళకు భయపడి ఇంట్లోవాళ్ళు మందే ఆపేశారు. జబ్బు తిరగబెట్టింది. రక్తపరీక్ష చేయించి డాక్టరు చేత మందు మార్పించుకోవచ్చని వాళ్ళకెవరూ చెప్పలేదు.

చోప్రాకు కల్తీమందులంటే మహా కోపం. 1930-31లో మందుల విచారణ సంఘానికి అధ్యక్షులుగా ఉండి ఆయన చేసిన సిఫారసులే 1940 ఔషధాల చట్టానికి దారితీశాయి. 1941లో సర్ బిరుదు వచ్చింది. తర్వాత జమ్మూకాశ్మీరు చేరి, అక్కడా మూలికల పరిశోధనే సాగించారు. 1973లో కన్నుమూశారు. 1983లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వెలువడింది.