విద్యుత్తును తూచిన ఫారడే

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున ఒక పేద కమ్మరి ఇంట జన్మించినాడు. వ్రాయుట, చదువుట, కొద్దిపాటి లెక్కలు. అంతటితో అతని బడిచదువు ముగిసినది. పదునాలుగవ యేట రీబో అను పుస్తక వర్తకుని వద్ద బైండింగు పని నేర్వ కుదిరి, ఏడేండ్లు అక్కడనే ఉన్నాడు. కుట్టుటకు వచ్చిన పుస్తకములను చదువుటయే అతనికి కళాశాల అయినది.

1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములు వినే భాగ్యము అతనికి లభించినది. విన్నదంతయు వ్రాసి, బొమ్మలు గీసి, తానే బైండు చేసి డేవీకి పంపినాడు. మరుసటి సంవత్సరము మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడుగా చేరినాడు.

డేవీ సామాన్యుడు కాడు. 1807లో కరిగించిన క్షారములలోనికి విద్యుత్తును పంపి, పొటాసియము, సోడియములను మొదటిసారి వేరు చేసిన ఘనుడు. కాని శిష్యుని కీర్తి పెరిగిన కొలది గురువు మనసు కలత చెందినది. 1824లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకొనుటకు అధ్యక్షుడైన డేవీయే అడ్డు చెప్పినాడు. అయినను ఫారడే ఎన్నికయినాడు. గురువుపై గౌరవమును మాత్రము విడువలేదు.

విద్యుత్తు పదార్థమును విడదీయునని గురువు చూపినాడు. ఎంత విద్యుత్తు ఎంత పదార్థమును విడదీయును? ఈ ప్రశ్నను ఫారడే చేపట్టినాడు. నీటి నుండి వెలువడు వాయువులను గీతలు గీసిన గాజుగొట్టములో పట్టి, దానితో విద్యుత్తును కొలిచినాడు. లోహపు పలకల పరిమాణము మార్చినాడు, ఆమ్లపు గాఢత మార్చినాడు, ఫలితము మారలేదు. వెలువడు పదార్థము ప్రవహించిన విద్యుత్తుకు అనుపాతముగా ఉండునని 1833లో తేలినది. ఒకే విద్యుత్తును వేర్వేరు ద్రవముల గుండా పంపగా, వెలువడిన పదార్థముల బరువులు వాటి రసాయన తుల్యభారముల నిష్పత్తిలో ఉన్నవి. ఇది రెండవ సూత్రము. ఈ వివరములను 1834లో ప్రకటించునప్పుడు, హ్యూయెల్ పండితుని సలహాతో ఆనోడు, కాథోడు, అయాను అను మాటలను వాడుకలోనికి తెచ్చినాడు.

నేటి లెక్కలలో, ఒక ఆంపియరు కరెంటు సుమారు 26 గంటల 48 నిమిషములు ప్రవహించిన 96,485 కూలుంబులగును. అది 107.87 గ్రాముల వెండిని గాని, 31.77 గ్రాముల రాగిని గాని విడుదల చేయును. రాగి అయాను రెండు ఆవేశములు కలది గనుక, దాని పరమాణుభారములో సగమే వచ్చును. మల్కాజిగిరి ప్రాంతమున నాచారము, ఉప్పల్ పారిశ్రామికవాడలలో ఎవరైనను ఇనుప సామానుకు నికెలు పూత వేయదలచిన, ఎంత కరెంటు ఎంతసేపు పంపవలెనో ఈ సూత్రమే చెప్పవలెను.

పరమాణువుల ఉనికిని నిశ్చయముగా చెప్పుటకు ఫారడే జంకినాడు. పరమాణువులున్న యెడల విద్యుత్తు కూడ విడివిడి కణములుగా ఉండవలెనని 1881లో హెల్మ్‌హోల్ట్స్ ఈ సూత్రముల నుండే ఊహించినాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్నాడు.

సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని నిరాకరించి, ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూసినాడు. ఉన్నత గణితము అతనికి ఎన్నడును అబ్బలేదు. ఓపికతో కొలుచుట, కొలిచినదానినే నమ్ముట అబ్బినవి. సూత్రమును కంఠస్థము చేయు విద్యార్థి, దాని వెనుకనున్న ఆ ఓపికను కూడ నేర్చుకొనదగును.