కార్ల్ ఫ్రీడ్రిక్ గౌస్

జర్మనీ దేశమందలి బ్రున్స్విక్ నగరమున 1777వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన గౌస్ ఒక పేద కుటుంబమున జన్మించెను. తండ్రి తోటపనియు, తాపీపనియు చేసి జీవించుచుండెను. కుమారుడును అట్టి పనియే నేర్చి తనకు చేదోడుగా నుండవలెనని అతని తలంపు. తల్లి డొరోతియా చదువు నేర్వనిదయ్యును, కుమారుని చదువు మానిపించుట కంగీకరింపలేదు.

ఒకనాడు బడిలో బ్యూట్నర్ అను ఉపాధ్యాయుడు 1 మొదలు 100 వరకు గల సంఖ్యలను కూడుడని బాలుర నాజ్ఞాపించెనని ప్రసిద్ధి. తక్కినవారు పలకలు నింపుచుండగా గౌస్ ఒక్క సంఖ్యనే వ్రాసి పలకను బల్లపై నుంచెను. మొదటి సంఖ్యకు కడపటిది చేర్చిన 101. రెండవదానికి 99 చేర్చినను 101. మూడవదానికి 98 చేర్చినను అంతియే. ఇట్టి జతలు 50. కావున మొత్తము 5050. 1 మొదలు ఎన్ని సంఖ్యలున్నను మార్గ మిదియే: కడపటి సంఖ్యను దానికంటె ఒకటి హెచ్చైన సంఖ్యచే గుణించి సగము చేసిన చాలును. ఇట్టి శ్రేణులను కూడు విధమును మన ఆర్యభటుడు ఏనాడో చెప్పియుండెను. కాని ఈ బాలునకు దాని నెవ్వరును నేర్పలేదు.

ఉపాధ్యాయుడు సంతసించి మంచి గణితగ్రంథమును తెప్పించి యిచ్చెను. పిమ్మట బ్రున్స్విక్ ప్రభువు విద్యార్థివేతన మొసగెను. భాషలా, గణితమా యని గౌస్ కొంతకాలము సందేహించెను. 1796లో రూళ్లకర్ర, వృత్తలేఖినులతో 17 భుజముల క్రమబహుభుజిని గీయవచ్చునని కనుగొన్న నాటితో ఆ సందేహము తీరెను. 1807లో గట్టింగెన్ వేధశాలకు అధ్యక్షుడయ్యెను.

1817లో తల్లిని తనయొద్దకు రప్పించుకొనెను. ఆమె కడపటి యేండ్లలో చూపు కోల్పోగా, 1839లో మరణించువరకు గౌస్ ఆమెకు శుశ్రూష చేసెను. 1855లో ఆయన గట్టింగెన్‌నందే కన్నుమూసెను.