ఆరుగురు మోసే వంతెన: సర్ డొనాల్డ్ బెయిలీ జీవితం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వంతెన కట్టి చూడు అని మాత్రం అనలేదు. అవతలి గట్టున శత్రువు తుపాకులు ఎక్కుపెట్టి కూర్చున్నప్పుడు, అర్ధరాత్రి వేళ, క్రేను సాయం లేకుండా, తెల్లారేలోగా టాంకులు దాటే వంతెన కట్టిపెట్టమంటే ఏ కంట్రాక్టరు మాత్రం ఒప్పుకుంటాడు? కాని రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికులు ఇటువంటి పనిని ఎన్నోసార్లు చేసి చూపించారు. వారి చేత అలా చేయించగలిగిన వాడు తుపాకి పట్టిన వీరుడు కాడు. బొమ్మ వంతెనలు చేసుకోవడం సరదాగా గల ఒక మామూలు సివిల్ ఇంజనీరు. ఆయన పేరు డొనాల్డ్ కోల్‌మన్ బెయిలీ.

బెయిలీ 1901 సెప్టెంబరు 15న ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో రాథరం అనే ఊళ్ళో పుట్టారు. అది ఉక్కుకు పేరుపడ్డ ప్రాంతం. అక్కడికి దగ్గరలోనే ఉన్న షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో చదివి 1923లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. పట్టా చేతికి రాగానే పెద్ద పదవేమీ ఎదురొచ్చి పలకరించలేదు. చాక్లెట్లు తయారుచేసే రౌన్‌ట్రీ కంపెనీలో కొన్నాళ్ళు, రైల్వేలో కొన్నాళ్ళు, షెఫీల్డ్ నగర ఇంజనీరింగు శాఖలో కొన్నాళ్ళు పనిచేశారు. చివరికి 1928లో ఇంగ్లండు దక్షిణ తీరాన క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న సైనిక వంతెనల ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. అది చిన్న సంస్థ. యుద్ధం లేని రోజుల్లో యుద్ధపు వంతెనల గోడు ఎవరికి పడుతుంది? అయినా బెయిలీ అక్కడే నిలిచిపోయారు. ఆఫీసులో అసలు వంతెనలు, తీరిక వేళల్లో నమూనా వంతెనలు. ఆయన లోకమే అది.

1936లో ఆయన ఒక కొత్తరకం వంతెన ఆలోచనను పైఅధికారుల ముందు పెట్టారు. అప్పటికి దాని మీద ఎవరూ చర్య తీసుకోలేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మనలో ఎవరి ఆలోచననైనా అలా పక్కన పడేస్తే ఏం చేస్తాం? అలుగుతాం, లేదా మరచిపోతాం. బెయిలీ ఆ రెండూ చేయలేదు. ఉద్యోగం చేసుకుంటూ, ఆలోచనను మనసులో అట్టే పెట్టుకున్నారు.

నాలుగేళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చిపడింది. టాంకుల బరువు ఏటేటా పెరిగిపోతోంది. ఉన్న వంతెనలు ఆ బరువుకు చాలవు. వాటి స్థానంలో తెద్దామనుకున్న మరో వంతెన 1940లో పరీక్షల్లో నిలవలేకపోయింది. అప్పుడు బెయిలీ ఒక పాత కవరు వెనుక తన వంతెన బొమ్మ గీసి చూపించారు. ఈసారి వినే చెవులు దొరికాయి. 1941 ఫిబ్రవరి 14న ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. గడువు మే 1. అంటే రెండున్నర నెలలు. ఈ పనిలో సిడ్నీ రేవు వంతెనతో పేరుపొందిన రాల్ఫ్ ఫ్రీమన్ వంటి అనుభవజ్ఞులూ చేయి కలిపారు. గడువుకల్లా నమూనా సిద్ధమైంది. దానిని నేల మీద రెండడుగుల ఎత్తున పరచి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాత టాంకుల్లో ఇనుప దిమ్మెలు నింపి దాని మీద పేర్చి పరీక్షించారు. వంతెన తట్టుకుంది.

ఇంతకీ అందులోని గొప్పతనం ఏమిటి? మన ఇళ్ళకు ఉండే ఇనుప గేటును ఊహించుకోండి. పది అడుగుల పొడవు, ఐదు అడుగుల ఎత్తు, లోపల వజ్రాకారంలో అడ్డకమ్మీలు. దానిని పానెల్ అంటారు. బరువు 570 పౌన్లు, అంటే సుమారు 260 కిలోలు. ఆరుగురు మనుషులు మోసుకుపోవచ్చు. మామూలు మూడు టన్నుల లారీలో పట్టుతుంది. ఒక పానెల్ చివర మరో పానెల్ పెట్టి లావుపాటి పిన్నులు దిగ్గొడితే చాలు, నవారు మంచం పట్టెలు కోళ్ళలో బిగించినట్టు అతుక్కుపోతాయి. రెండు పక్కలా ఇలా గోడలు నిలబెట్టి, మధ్యన అడ్డదూలాలు వేసి, పైన చెక్కలు పరిస్తే దారి తయారు. ఎక్కువ బరువు మోయాలా? పక్కన మరో వరుస గోడ చేర్చు. ఇంకా కావాలా? పైన మరో అంతస్తు ఎక్కించు. అంతా అదే పానెల్. అన్ని అక్కరలకూ ఒకే ముక్క!

నదిలో స్తంభాలు లేకుండా దానిని అవతలికి చేర్చడం ఎలా అని మీకు సందేహం రావచ్చు. సైనిక వంతెనల నమూనా కిట్లు కొని అతికించే సరదా ఉన్నవారికి ఈ సంగతి బాగా తెలుస్తుంది. 35వ వంతు కొలతలో చేస్తే పానెల్ మూడున్నర అంగుళాల లోపు ఉంటుంది, 80 అడుగుల వంతెన రెండుంపావు అడుగుల్లో ఇమిడిపోతుంది. పక్కకు రెండేసి వరుసల గోడలు కావాలంటే 32 పానెళ్ళు అతికించాలి. అలా చేసిన వంతెనను బల్ల అంచున రెండు పెన్సిళ్ళ మీద పెట్టి మెల్లగా ముందుకు తొయ్యండి. సగం దాటగానే కింద పడుతుంది. ఇప్పుడు దాని ముందు చెక్కలు లేని తేలికపాటి అస్థిపంజరం ముక్కొకటి తగిలించి తొయ్యండి. వెనుక బరువు ఆపి ఉంచుతుంది, ముక్కు అవతలి అంచును అందుకుంటుంది. అసలు వంతెనకూ ఇదే కిటుకు. పెన్సిళ్ళకు బదులు రోలర్లు, వేళ్ళకు బదులు సైనికుల భుజాలు. అవతల చేరాక ముక్కును విప్పేస్తారు. నిజానికి బెయిలీ వంతెనే ఒక పెద్ద కిట్టు!

1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో, మెద్జెజ్ ఎల్ బాబ్ వద్ద ఈ వంతెన యుద్ధరంగంలో పనిచేసింది. ఆ తర్వాత ఇటలీ. కొండలు, నదులు, వెనక్కి తగ్గుతూ జర్మన్లు పేల్చేసిన పాత వంతెనలు. అక్కడొక్కచోటే 2,500కు పైగా బెయిలీ వంతెనలు లేచాయి. యుద్ధం ముగిసేలోగా ఏడు లక్షల పానెళ్ళు తయారయ్యాయి. అన్నీ కలిపి పరిస్తే 200 మైళ్ళ పొడవు వంతెన! వందలాది చిన్నా పెద్దా కర్మాగారాలు వీటిని తయారుచేశాయంటే, ముక్క అంత సులువుగా ఉండబట్టే గదా. 1944 డిసెంబరులో బర్మాలో, కలేవా వద్ద చింద్విన్ నది మీద 1,154 అడుగుల తేలే బెయిలీ వంతెన వేశారు. భారతీయ సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్న 14వ సైన్యం దాని మీదుగా నది దాటింది. ఈ వంతెన లేకుంటే తాము యుద్ధం గెలిచి ఉండేవాళ్ళం కామని సేనాని మాంట్‌గొమరీయే ఒప్పుకున్నారు.

1946లో బెయిలీ సర్ డొనాల్డ్ అయ్యారు. బిరుదు వచ్చినా ఆయన దారి మారలేదు. క్రైస్ట్‌చర్చ్ సంస్థకే తర్వాత డైరెక్టరు అయ్యారు. 1962 నుంచి 1966 దాకా ష్రివెన్‌హం సైనిక విజ్ఞాన కళాశాలలో డీన్‌గా ఉండి, విద్యార్థుల మధ్యనే ఉద్యోగ జీవితం ముగించారు. 1985 మే నెలలో కన్నుమూశారు.

యుద్ధం కోసం పుట్టిన ఆ వంతెన మాత్రం ఇంకా ప్రాణాలు కాపాడుతూనే ఉంది. 2024 జూలై 30న కేరళలోని వయనాడులో కొండచరియలు విరిగిపడి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు, మన మద్రాసు శాపర్లు చూరల్‌మలలో 190 అడుగుల బెయిలీ వంతెన కట్టారు. ఆగస్టు 1 సాయంత్రానికల్లా పూర్తి చేశారు. అంబులెన్సులు, మట్టి తోడే యంత్రాలు అవతలికి వెళ్ళింది దాని మీదుగానే. మన తెలుగు కుర్రాళ్ళు తరతరాలుగా చేరుతూ వస్తున్న దళం అది.

మిత్రులారా, బెయిలీ కన్న పొడవైన వంతెనలు, అందమైన వంతెనలు కట్టినవారు చాలామంది ఉన్నారు. కాని ఆయన డ్రాయింగు బోర్డు ముందు కూర్చుని ఉక్కును గురించి మాత్రమే ఆలోచించలేదు. చీకట్లో, వానలో, అలసిపోయిన ఆరుగురు మనుషులు ఎంత బరువు ఎత్తగలరని ఆలోచించారు. అక్కడ నుంచి లెక్క మొదలుపెట్టారు. రేపు మనలో కొందరు ఇంజనీర్లు, కొందరు అధికారులు, కొందరు ఉపాధ్యాయులు అవుతాం. ఏ పని తలపెట్టినా, దానిని చివరికి మోయబోయేది ఎవరి భుజాలో ముందుగా తలచుకుంటే చాలు. ఆ పని నిలుస్తుంది. ఈలోగా ఎవరైనా మన ఆలోచనను పక్కన పెడితే, బాధపడకుండా భద్రంగా దాచుకుందాం. ఏ పాత కవరుకు ఏనాడు అవసరం పడుతుందో ఎవరికి తెలుసు!