గాలి నుంచి ఎరువు తీసిన హేబర్

మా హాస్టల్‌లో చాలామందిమి చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం మండలాల పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. మా అమ్మానాన్నలు వరి, మిర్చి, పత్తి చేలల్లో కష్టపడతారు. వానాకాలంలో యూరియా బస్తా కోసం నాన్నతో పాటు క్యూలో నిలబడిన వాళ్లం మాలో ఉన్నాం. ఆ బస్తా వెనుక ఉన్న శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ జీవితాన్ని మిత్రులకు తెలియజేయాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

హేబర్ 1868 డిసెంబర్ 9న అప్పటి ప్రష్యాలోని బ్రెస్లావ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆయన పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయారు. తండ్రి రంగుల వ్యాపారి. హేబర్ రసాయన శాస్త్రం చదివి, 1894లో కార్ల్స్‌రూహెలోని సాంకేతిక విద్యాలయంలో చేరారు.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ అందులోని రెండేసి పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా అతుక్కొని ఉంటాయి. అందుకే పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. హేబర్ నత్రజనిని, హైడ్రోజన్‌ను అధిక పీడనం వద్ద వేడిచేసి, ఆస్మియం లోహం మీదుగా పంపి 1909లో అమ్మోనియాను చుక్కలు చుక్కలుగా రాబట్టారు. ఆస్మియం చాలా అరుదైన లోహం. కర్మాగారానికి అది చాలదు. కార్ల్ బాష్ బృందంలోని ఆల్విన్ మిట్టాష్ వేలాది ప్రయోగాలు చేసి, చవకైన ఇనుప ధాతువు మాగ్నటైట్‌ను ఎంచుకున్నారు. ఇది ఇనుము ఆక్సైడే. దీనికి కొద్దిగా అల్యూమినియం ఆక్సైడ్, పొటాషియం ఆక్సైడ్ కలుపుతారు. హైడ్రోజన్ తగిలి ఇనుము ఆక్సైడ్ సన్నని రంధ్రాలున్న ఇనుముగా మారుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడుతుంది. పొటాషియం వాటి చురుకుదనాన్ని పెంచుతుంది. నత్రజని ఆ ఇనుము ఉపరితలానికి అంటుకుని విడిపోయి, హైడ్రోజన్‌తో కలిసి అమ్మోనియాగా లేచిపోతుంది. గోదావరి రేవులో పడవ జనాన్ని ఒడ్డు దాటించి తాను పడవగానే మిగిలినట్లు, ఉత్ప్రేరకం కూడా అలాగే మిగులుతుంది. ఘనపదార్థం మీద వాయువుల చర్య జరుగుతుంది కనుక దీన్ని విజాతీయ ఉత్ప్రేరణం అంటారు. 1913లో ఒప్పావ్‌లో మొదటి కర్మాగారం మొదలైంది.

మరుసటి ఏడాదే ప్రపంచ యుద్ధం వచ్చింది. అదే అమ్మోనియా పేలుడు పదార్థాలకూ ఉపయోగపడింది. అంతటితో ఆగక, హేబర్ విషవాయువుల పనికి నాయకత్వం వహించారు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలింది. ఎందరో సైనికులు ఊపిరాడక చనిపోయారు. పది రోజులకు ఆయన భార్య క్లారా ఆత్మహత్య చేసుకున్నారు. ఆమె కూడా రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన విదుషీమణి. అమ్మోనియా తయారీకి హేబర్‌కు 1918 సంవత్సరపు నోబెల్ బహుమతిని 1919లో ఇచ్చినప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు నిరసించారు.

ఏ దేశం కోసం ఇదంతా చేశారో, ఆ దేశమే 1933లో యూదు ఉద్యోగులను తొలగించమని ఆదేశించింది. హేబర్ పదవి వదిలి దేశం విడిచిపోయారు. 1934 జనవరి 29న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మరణించారు.

మన రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్తది 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడా ఇదే చర్య జరుగుతోంది. మేము తినే అన్నంలో హేబర్ కష్టం ఉంది, ఈప్ర్‌లో పోయిన ప్రాణాల భారం కూడా ఆయనదే. ఆయనను పూర్తిగా మెచ్చుకోనూ లేము, తోసిపుచ్చనూ లేము. సైన్సు చదివే మేము, చదివినది ఎవరి కోసం వాడుతున్నామో ముందుగా అడుగుకోవాలని అనుకుంటున్నాము.