లూయీ పాశ్చర్ మహాశయుడు

ఫ్రాన్సు దేశమునకు తూర్పున జురా యను కొండసీమ కలదు. అందలి డోల్ పట్టణమున 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన లూయీ పాశ్చర్ జన్మించెను. తండ్రి నెపోలియను సైన్యమున పనిచేసి, పిమ్మట తోళ్లు పదునుచేసి జీవించుచుండెను. లూయీ శిశువుగా నున్నప్పుడే ఆ కుటుంబము ఆ సీమను విడువకయే నివాసము మార్చి, తుదకు ఆర్బువా యను చిన్న పట్టణమున స్థిరపడెను.

1831లో ఆ ప్రాంతమునకు పిచ్చిపట్టిన తోడేలొకటి వచ్చి పలువురను కఱచెను. వారిని కమ్మరికొలిమికి తీసికొనిపోయి, ఎఱ్ఱగా కాలిన ఇనుముతో గాయములను కాల్చిరి. నాడు అంతకన్న వేరు చికిత్స లేదు. ఎనిమిదేండ్ల లూయీ ఆ దృశ్యమును చూచెను. ఆ కేకలు వినెను. అది ఆయన జీవితాంతము మఱపురాని జ్ఞాపకమయ్యెను.

బాల్యమున ఆయన పాఠశాలయందు అసాధారణుడని పేరొందలేదు. బొమ్మలు చక్కగా గీయువాడు. 1842 నాటి పరీక్షలో రసాయనశాస్త్రమునందు ఆయనకు లభించినది సామాన్యమైన శ్రేణియే. ఆ యేడే పారిసు నగరములోని ఎకోల్ నార్మాల్ కళాశాల ప్రవేశపరీక్షయందు కృతార్థుడైనను, తన స్థానము తక్కువగా నుండుటచే తృప్తిచెందక మఱియొక యేడు చదివెను. 1843లో ఉన్నతస్థానమున ఉత్తీర్ణుడై చేరెను. ఓపికతో మరల మొదలుపెట్టుట అనునది ఆయనకు చిన్ననాడే అలవడిన గుణము.

తరువాత ఆయన చేసిన పనులు లోకప్రసిద్ధములు. ద్రాక్షసారాయము పులియుటకును, పాలు విరుగుటకును సూక్ష్మజీవులే కారణమని చూపెను. పట్టుపురుగులకు పట్టిన తెగుళ్లను పరిశోధించి రైతులను కాపాడెను. 1881లో గొఱ్ఱెలకు దొమ్మవ్యాధి రాకుండ టీకాలు వేసి జనసమక్షమున నిరూపించెను. ఈ కాలములో ఆయన ముగ్గురు కుమార్తెలు బాల్యముననే మరణించిరి. వారిలో ఇరువురను టైఫాయిడు జ్వరము హరించెను. 1868లో, ఆయన 45వ యేట, మెదడునందు రక్తస్రావము కలిగి ఎడమప్రక్క పక్షవాతముచే పడిపోయెను. కొంత కోలుకొనెనే గాని ఎడమకాలు, ఎడమచేయి మరల పూర్తిగా స్వాధీనము కాలేదు. పిచ్చికుక్క కాటుపై ఆయన చేసిన పోరాటమంతయు ఈ పక్షవాతమునకు పిమ్మటనే జరిగినదని చదువరులు గమనింపవలయును.

పిచ్చికుక్క కాటువలన కలుగు వ్యాధిని రేబీస్ అందురు. దీనికి కారణమైన వైరస్ కుక్క చొంగనుండి గాయములో ప్రవేశించి, నరములను పట్టుకొని మెల్లమెల్లగా వెన్నుపామునకును, అచటినుండి మెదడునకును ప్రాకును. వ్యాధి పొడసూపుటకు సాధారణముగా 1 నుండి 3 నెలలు పట్టును. గాయము తలకు సమీపమున నున్నచో అంతకన్న తక్కువ కాలమే చాలును. అంతవరకు కఱువబడినవాడు ఆరోగ్యవంతునివలెనే తిరుగుచుండును. మెదడును చేరిన పిమ్మట జ్వరము, కలవరము కలుగును. గొంతు కండరములు బిగిసి నీరు మ్రింగలేక, నీటిని చూచినంతనే భయపడును. అటుపిమ్మట బ్రదుకుట మిక్కిలి దుర్లభము. ఇది నేటికిని నిజమే.

కాటునకును వ్యాధికిని నడుమనున్న ఈ వ్యవధియందే పాశ్చర్ తన యాశను నిలిపెను. విషము మెదడును చేరకమునుపే శరీరమునకు దానిని ఎదుర్కొను శక్తి కలిగింపగలిగినచో మనుష్యుడు బ్రదుకును గదా! 1880 మొదలుకొని ఆయనయు, ఎమిల్ రూ మొదలగు సహాయులును ఈ పనికి పూనుకొనిరి. ఈ వైరస్ నాటి సూక్ష్మదర్శినికి గోచరింపలేదు. గాజుపాత్రలలోని రసములయందు పెరుగలేదు. అందుచే దానిని కుందేళ్ల మెదడునందు పెంచిరి. చనిపోయిన కుందేళ్ల వెన్నుపామును తేమలేని గాలిగల సీసాలలో వ్రేలాడగట్టగా, దినదినమునకు దాని తీవ్రత తగ్గి, సుమారు 14 దినములకు అడుగంటెను. మొదట మిక్కిలి ఎండినదానిని, మరునాడు కొంచెము తక్కువ ఎండినదానిని, ఇట్లు క్రమముగా ఎక్కించుటయే ఆయన పద్ధతి.

1885 జూలై 4వ తేదీన ఆల్సేసు సీమలో జోసెఫ్ మైస్టర్ అను 9 ఏండ్ల బాలుని పిచ్చికుక్క కఱచెను. ఒడలిపై 14 గాయములు. 2 దినములకు తల్లి వానిని పారిసునకు తీసికొనివచ్చెను. పాశ్చర్ వైద్యుడు కాడు. తన పద్ధతిని కుక్కలయందు పరీక్షించుట ఇంకను ముగియలేదని ఆయన ప్రయోగపుస్తకములను చదివిన చరిత్రకారులు తరువాత తెలిపిరి. సూది వేసినచో అదియే బాలుని చంపవచ్చును. వేయకున్న వ్యాధి చంపవచ్చును. ఆయన వుల్పియన్, గ్రాంషే అను ఇరువురు వైద్యులతో ఆలోచించెను. గ్రాంషే స్వయముగా సూది వేసెను. మొత్తము 13 సూదులు. చివరిది పూర్తి తీవ్రత గలది. ఆ రాత్రులు పాశ్చరునకు నిద్ర లేదు. బాలుడు బ్రదికెను.

ఆ యక్టోబరులో జాన్ బాప్టిస్ట్ జుపీల్ అను 15 ఏండ్ల గొఱ్ఱెల కాపరి వచ్చెను. ఇతడు జురా సీమవాడే. తోటి పిల్లలను రక్షించుటకై పిచ్చికుక్కతో పెనుగులాడి కఱువబడెను. 6 దినములు గడచియుండెను, అతడును బ్రదికెను. నవంబరులో లూయీజ్ పెల్టియే అను 10 ఏండ్ల బాలికను తెచ్చిరి. గాయము తలపైన, అప్పటికి 37 దినములు గడచెను. ఇక ఫలితము కలుగుట అరుదనియు, ఆమె మరణించినచో తన పద్ధతికే నింద వచ్చుననియు పాశ్చర్ ఎఱిగియుండెను. ఐనను తలిదండ్రులను త్రిప్పి పంపలేక చికిత్స చేయించెను. డిసెంబరు 3వ తేదీన ఆమె కన్నుమూసెను. నింద రానే వచ్చెను. ఆయన వెనుదీయలేదు. 1886లో రష్యా దేశపు స్మోలెన్‌స్క్ నుండి తోడేలు కఱచిన 19 మంది రాగా 16 మంది బ్రదికి స్వదేశమునకేగిరి.

అనేక దేశముల ప్రజలు పంపిన చందాలతో 1888లో పారిసున పాశ్చర్ సంస్థ వెలసెను. 1895 సెప్టెంబరు 28వ తేదీన ఆయన మరణింపగా, ఆ సంస్థయందే సమాధి చేసిరి. జోసెఫ్ మైస్టర్ పెద్దవాడై ఆ సంస్థకే కావలియుండెను. మన దక్షిణదేశమున 1907లో నీలగిరులయందలి కూనూరులో పాశ్చర్ సంస్థ స్థాపింపబడెను. పొట్టకు పొడుచు సూదుల మాట మన పెద్దలు ఎఱుగుదురు. నేడు ఆ బాధ లేదు. చేతికి వేయు కొలదిపాటి సూదులు చాలును. గాయము తీవ్రమైనచో దానిచుట్టును వేరొక మందును ఎక్కింతురు.

విద్యార్థులారా! 2 దినములు, 6 దినములు, 37 దినములు అను ఈ మూడు లెక్కలను మనస్సునందుంచుకొనుడు. మనలో నేటికిని కుక్క కఱచినచో కారము అద్దువారును, పసరు పోయువారును, మంత్రము వేయించువారును కలరు. దానివలన జరుగునది కాలము గడచుటయే. వైరస్ మాత్రము ఆగదు. కఱచిన వెంటనే గాయమును సబ్బుతోను పారునీటితోను 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలయును. ఆలస్యమైనను మానక పోవలయును. దెబ్బలకు వెఱచి కుక్క కఱచిన సంగతిని దాచు పిల్లలు కలరు. తలిదండ్రులు వారిని కోపింపక, వెంటనే తోడ్కొనిపోవలయును. పాశ్చర్ తన విద్యతో మనకు సంపాదించియిచ్చినది ఆ కొద్దికాలమే. దానిని వ్యర్థముచేయకుండుట మన పని.